టోపీ దొంగ, 17 చుక్కలు: షాపు కెమెరాల ప్రాజెక్టు డైరీ

0వ రోజు

బావ ఫోన్ చేశాడు. స్టాకు లెక్కలో రెండు డ్రిల్లింగ్ మిషన్లు తగ్గాయట. "కెమెరాలున్నాయి కదా, నువ్వొచ్చి చూస్తే దొరికిపోతాడు" అన్నాడు. ఆయనది హార్డ్‌వేర్ షాపు. సీలింగుకి నాలుగు కెమెరాలు, గల్లా కింద ఒక డీవీఆర్ (రికార్డింగు దాచే పెట్టె), దాని మీద దుమ్ము. ఎప్పుడో ఎవరో బిగించి వెళ్ళిన సెట్టు. పెట్టిన రోజు తప్ప మళ్ళీ ఎవరూ దాని మొహం చూడలేదు.

పోయిన సంగతి తెలిసింది పన్నెండు రోజులకి. ఆ డీవీఆర్ దాచేది పద్నాలుగు రోజులే. ఇంకో రెండు రోజులు ఆగితే కొత్త రికార్డింగు పాతదాని మీద ఎక్కేసేది. పైగా దాని గడియారం 47 నిమిషాలు వెనకుంది. లోపలి బటన్ సెల్ నీరసించి, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం జారిపోయిందన్నమాట. బిల్లుల టైము పట్టుకుని వెతికితే ఏమీ కనబడదు. ఈ తేడా పట్టుకునేసరికి సాయంత్రం మొత్తం పోయింది.

చివరికి దొరికాడు. ర్యాకు దగ్గర నిలబడ్డాడు, అటూ ఇటూ చూశాడు, ఒక మిషను సంచిలో వేశాడు, ఓ నిమిషం ఆగి రెండోది వేశాడు, తాపీగా బయటికి నడిచాడు. అంతా కళ్ళకు కట్టినట్టుంది. ముఖం తప్ప. ర్యాకు దగ్గర కెమెరా నెత్తి మీద ఉంది, కనబడింది టోపీ మాత్రమే. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఎదురుగా చూశాడు, అయితే అక్కడికి కెమెరా ఏడు మీటర్ల దూరం. జూమ్ చేస్తే ముఖం ఉండాల్సిన చోట గోధుమరంగు గళ్ళు.

ఏం పోయిందో, ఎప్పుడు పోయిందో, ఎలా పోయిందో తెలిసింది. ఎవరో తెలియలేదు. బావ ఆ టోపీ వంక చాలాసేపు చూసి, "అన్నీ పీకి కొత్తవి పెట్టు" అన్నాడు. ఈ డైరీ అక్కడ మొదలు.

1వ రోజు: కొనక ముందు కాగితం

"ఎనిమిది పెట్టేద్దాం, ఎక్కడా సందు లేకుండా" అని బావ. వద్దన్నాను. టేపు, సుద్దముక్క, కాగితం పట్టుకుని ఇద్దరం షాపంతా తిరిగాం. ఆగిన ప్రతి చోటా ఆయన్ని ఒకటే అడిగాను: "రేపు ఇక్కడ ఏదైనా జరిగితే నీకు ఏం తెలియాలి?"

గుమ్మం దగ్గర: ఎవరు? గల్లా దగ్గర: ఏ నోటు ఇచ్చారు, ఎంత చిల్లర వెనక్కి వెళ్ళింది? ర్యాకుల మధ్య: ఏం జరిగింది? వెనక తలుపు దగ్గర: ఎవరైనా వచ్చారా? నాలుగు ప్రశ్నలూ వేరు. ఒకే రకం కెమెరా నాలుగింటికీ జవాబు చెప్పలేదు. పాత సెట్టు తప్పు కెమెరాలది కాదు. ఏది అడగాలో అనుకోకుండానే బిగించేశారు.

దీనికి కొలత కూడా ఉంది. వీడియో నిఘాకి సంబంధించిన 62676-4 అనే అంతర్జాతీయ ప్రమాణం 2014 కూర్పులో మీటరు వెడల్పుకి ఎన్ని పిక్సెళ్ళు, అంటే బొమ్మలోని చుక్కలు, పడాలో రాసిపెట్టారు. మనిషి ఉన్నాడని తెలియడానికి 25 చాలు. ఏం చేస్తున్నాడో గమనించడానికి 62. తెలిసిన మనిషిని గుర్తుపట్టడానికి 125. ముక్కూ మొహం తెలియనివాణ్ణి ఫలానా అని తేల్చడానికి 250.

ఇప్పుడు మన టోపీ దొంగ లెక్క. పాత కెమెరా 1080పీ, అంటే అడ్డంగా 1920 పిక్సెళ్ళు. లెన్సు 2.8 మిల్లీమీటర్లది, చూసే కోణం సుమారు 105 డిగ్రీలు. ఏడు మీటర్ల దూరంలో అది చూసే వెడల్పు 18 మీటర్లు దాటుతుంది. 1920ని 18.2తో భాగిస్తే మీటరుకి 105. ముఖం వెడల్పు 16 సెంటీమీటర్లు అనుకుంటే దాని మీద పడ్డవి 17 చుక్కలు. ఆ 17 చుక్కల్లో కళ్ళు, ముక్కు, మీసం అన్నీ సర్దుకోవాలి! సినిమాల్లో లాగా "ఎన్‌హాన్స్" అని బటన్ నొక్కితే లేని చుక్కలు పుట్టుకురావు.

వైడ్ లెన్సు మోజు ఇక్కడే కొంప ముంచుతుంది. తెర మీద షాపంతా ఒకేసారి కనబడుతుంది కాబట్టి బాగున్నట్టు అనిపిస్తుంది. కానీ ఉన్న పిక్సెళ్ళన్నీ గోడలకీ సీలింగుకీ పంచిపెట్టేసి, మనిషి దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది.

2వ రోజు

లెక్క తేలింది: అయిదు కెమెరాలు, అన్నీ 4 మెగాపిక్సెల్, అంటే అడ్డంగా 2560. గుమ్మానికి 6 మి.మీ. లెన్సు. గల్లాకి ఒకటి. ర్యాకుల మధ్య రెండు నడవలకి 2.8 చొప్పున, అక్కడ "ఏం జరిగింది" తెలిస్తే చాలు. వెనక సందుకి ఒకటి, 4 మి.మీ.

గుమ్మం కెమెరాని బయట కాదు, లోపల పెడుతున్నాను. తలుపుకి అయిదు మీటర్ల లోపల ఒక స్తంభం ఉంది, దాని మీద 2.2 మీటర్ల ఎత్తులో. లోపలికొచ్చే ప్రతివాడూ దానికి ఎదురుగా నడిచి రావాలి. 6 మి.మీ. లెన్సు కోణం 50 డిగ్రీల చుట్టుపక్కల. అయిదు మీటర్ల దగ్గర వెడల్పు 4.7 మీటర్లు, మీటరుకి 540 పైగా పిక్సెళ్ళు. ముఖానికి 17 కాదు, 80 దాటి. కెమెరా 2.2 ఎత్తులో, ముఖం 1.6 ఎత్తులో ఉంటే చూపు వంగేది ఏడు డిగ్రీలే. టోపీ అంచు కిందుగా చూపు దూరుతుంది.

"ఇంత కిందకా? చెయ్యెత్తితే అందుతుంది" అని బావ అనుమానం. అందుతుంది, నిజమే. అందుకే దీనికి గుద్దినా పగలని ఐకే10 రకం డోమ్ తీసుకున్నాను. ఎత్తులో భద్రంగా ఉండి టోపీలు లెక్కపెట్టే కెమెరాతో మనకేం పని?

ఎత్తు గురించే ఒక ముచ్చట. న్యూయార్కులో నర్సుగా పనిచేసిన మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్, భర్తతో కలిసి 1966లో ఇంటి భద్రత కోసం ఒక కెమెరా ఏర్పాటుకి పేటెంటు దరఖాస్తు పెట్టింది, 1969లో వచ్చింది. అందులో తలుపుకి ఒకటి కాదు, వేరువేరు ఎత్తుల్లో నాలుగు చూపు రంధ్రాలు. కెమెరా వాటి వెంట పైకీ కిందకీ జరుగుతుంది. పొడుగువాళ్ళొచ్చినా పిల్లలొచ్చినా ముఖమే కనబడాలని. ముఖం ఎక్కడుంటుందో అక్కడికి కెమెరా వెళ్ళాలన్న ఇంగితం అప్పుడే ఆవిడకుంది. ఇప్పటికీ చాలా షాపుల్లో లేదు.

4వ రోజు: తీగలు

వైఫై కెమెరాలు ఎందుకు వద్దో బావకి చెప్పడానికి ఒక టీ పట్టింది. "వైర్‌లెస్" అంటారు గానీ కరెంటు తీగ ఎలాగూ లాగాలి. ఎలాగూ లాగే తీగేదో నెట్‌వర్క్ కేబులే లాగితే దాంట్లోనే కరెంటూ వెళ్తుంది, బొమ్మా వస్తుంది. దీన్నే పీఓఈ అంటారు. 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, నూరు మీటర్ల తీగలో పోయేది పోగా కెమెరాకి 12.95 వాట్లు దక్కుతాయి. మన కెమెరాలకి అది ఎక్కువే.

గోడకి కన్నాలు, కేసింగ్ పట్టీ, ప్లగ్గులు, నెత్తి నిండా సున్నం. రాయడానికి ఏమీ లేదు, ఒళ్ళు నొప్పులు తప్ప. మేనల్లుడు నిచ్చెన పట్టుకున్నాడు. అంటే, ఫోన్ చూసుకుంటూ దానికి ఆనుకుని నిలబడ్డాడు.

జాక్ కొట్టేటప్పుడు లోపలి తీగల రంగుల వరస నోటికి వచ్చేసింది: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. చివరి రెండు జాకులకొచ్చేసరికి వీడు పాడుతున్నాడు, నేను కొడుతున్నాను. వెనక సందు కెమెరాకి కొత్త కేబుల్ చాలలేదు. నా దగ్గర పాత చుట్ట ఒకటుంటే అది వాడేశాను. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి.

5వ రోజు: మొదటి దొంగతనం

మేనల్లుడికి టోపీ పెట్టి, సంచి ఇచ్చి, "షాపులో ఏదైనా కొట్టేసి వెళ్ళిపో, నేను రికార్డింగులో పట్టుకోవాలి" అన్నాను. ఇంతకంటే ఇష్టమైన పని వాడికి జీవితంలో ఎవరూ చెప్పలేదట.

పగలు పదకొండింటికి మొదటి ప్రయత్నం. వాడి ముఖం నల్లగా, నీడబొమ్మలా వచ్చింది. వాడి వెనక గుమ్మంలోంచి ఎండ, ముందు షాపులో చీకటి. కెమెరా ఎండని చూసి కళ్ళు చికిలించుకుంది. మెనూలో డబ్ల్యూడీఆర్ ఆన్ చేశాను. అది ఒకే దృశ్యాన్ని ఒకసారి తక్కువ వెలుగుకి, ఒకసారి ఎక్కువ వెలుగుకి తీసి రెండూ కలిపి చూపిస్తుంది. పెట్టె మీద 120 డీబీ అని రాసేది దీని గురించే. రెండో ప్రయత్నంలో వాడి మొహం మీది మొటిమ కూడా కనబడింది. "మామయ్యా, అది తీసెయ్" అన్నాడు.

రాత్రి లైట్లు తగ్గించి మూడో ప్రయత్నం. నిలబడితే బాగుంది, నడిస్తే అలికేసినట్టుంది. తప్పెక్కడో షట్టర్ (ఒక్కో ఫ్రేముకి కెమెరా వెలుగు పట్టే సమయం) చూస్తే తెలిసింది. ఆటోలో వదిలేస్తే చీకట్లో అది సెకనులో 25వ వంతుకి పడిపోతోంది. మామూలుగా నడిచే మనిషి సెకనుకి 1.4 మీటర్లు కదులుతాడు. అంటే ఒక్క ఫ్రేములోనే ముఖం అయిదున్నర సెంటీమీటర్లు జరిగిపోతుంది, మూడో వంతు ముఖం చెరిగిపోయినట్టే. నూరో వంతుకి కట్టేశాను, జరుగుడు సెంటీమీటరున్నరకి దిగింది. చిత్రం కాస్త గరుకుగా, మసకగా ఉంది. అయినా మనిషి తెలుస్తున్నాడు. నూరే ఎందుకంటే మెయిన్స్ 50 హెర్ట్జ్ ఉన్నచోట లైట్లు సెకనుకి నూరుసార్లు మిణుకుతాయి, దానికి సరిపోతే తెర మీద చారలు పాకవు. 60 హెర్ట్జ్ ఉన్నచోట 120కి కడతారు. గుమ్మం దగ్గర ఒక్క బల్బు రాత్రంతా వెలగనివ్వమని బావని ఒప్పించాను. ఏ సెట్టింగూ ఒక బల్బుకి సాటి రాదు.

పాపం, కెమెరా అమ్మేవాళ్ళు చూపించే డెమోలన్నీ కదలని మనుషులవే.

6వ రోజు

సాయంత్రం చీకటి పడగానే వెనక సందు కెమెరా పోయింది. రెండు నిమిషాలకి వచ్చింది. మళ్ళీ పోయింది. రాత్రంతా ఇదే. తెల్లారాక బుద్ధిగా పనిచేసింది.

7వ రోజు

మళ్ళీ అంతే. పొద్దుగూకితే చస్తుంది, తెల్లారితే బతుకుతుంది.

8వ రోజు

దొరికింది. చీకటి పడగానే కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి, అప్పుడు అది లాగే కరెంటు ఒక్కసారి పెరుగుతుంది. ఆ పెరిగినది అందక రీస్టార్ట్ అవుతోంది. మొదట తీగ పొడుగు అనుకున్నాను. కానీ పొడుగు 28 మీటర్లే, లెక్క వేస్తే పడిపోయేది వోల్టుకి అటూ ఇటూ. 48 వోల్టుల్లో ఒకటి పోతే ఏ కెమెరా చావదు.

ఆ చివర జాక్ కత్తిరించి, తీగ కొసని బ్లేడుతో గీశాను. పైన ఎర్రటి రాగి పొర, లోపల తెల్లగా. అల్యూమినియం తీగకి రాగి పూత. దీన్నే సీసీఏ అంటారు. అల్యూమినియం కరెంటు మోయడంలో రాగికి 60 శాతం చిల్లర. అసలు జబ్బు మాత్రం అది కాదు, ఈ తీగ పెళుసు. జాక్ బిగించే క్రింపర్ నొక్కినప్పుడు ఒక తీగ సగం తెగి, జాక్ పిన్నుకి అంటీ అంటనట్టు ఉంది. పగలు తక్కువ కరెంటుకి ఆ సగం చాలింది, రాత్రి చాలలేదు. భూతద్దంలో చూస్తే తెగినచోట చిన్న నల్లటి మచ్చ.

పాత చుట్ట మొత్తం పీకేసి, అసలు రాగి కేబుల్ కొత్తది లాగాను. మిగిలిన పాతది బావ దాచుకోబోతుంటే లాక్కుని చెత్తలో వేశాను. బయటి జాయింటుని డబ్బాలో పెట్టి, తీగకి డబ్బా కింద ఒక వంపు వదిలాను. వాననీళ్ళు ఆ వంపు దగ్గర జారి కింద పడతాయి. కెమెరాకి ఐపీ67, అంటే దుమ్మూ నీళ్ళూ చొరని రక్షణ, ఉన్నా, దాని తోక చివర జాక్‌కి లేదు. నీళ్ళెప్పుడూ తోక వెంటే లోపలికెళ్తాయి.

9వ రోజు: పెట్టె ఎక్కడ దాచాలి

షాపు పగలగొట్టి వచ్చినవాడు చేసే మొదటి పని గల్లా కింద వెతకడం, కనబడితే రికార్డర్‌నీ సంచిలో వేసుకోవడం. అప్పుడు అయిదు కెమెరాలూ గోడకి అలంకారం. అందుకని కొత్త ఎన్‌వీఆర్‌ని (నెట్‌వర్క్ కెమెరాల రికార్డర్ పెట్టె) అటక మీద, గాలాడే ఇనప డబ్బాలో, గోడకి బోల్టులు వేసి, తాళం పెట్టాం. పాత డీవీఆర్‌ని గల్లా కిందే ఉంచాం. దానికి కరెంటు ఇచ్చాం, దీపాలు మిణుకు మిణుకుమంటూ ఉంటాయి. పట్టుకుపోయేవాడికి ఏదో ఒకటి దొరకాలి కదా.

గుమ్మం కెమెరాలోనే ఒక మెమరీ కార్డు కూడా వేశాను. పెట్టె పోయినా ముఖం మిగులుతుంది.

డిస్కు లెక్క: సెకనుకి 4 మెగాబిట్ల చొప్పున ఒక కెమెరా రోజుకి 43.2 జీబీ తింటుంది. అయిదుకి 216. నాలుగు టీబీ డిస్కు 18 రోజుల్లో నిండుతుంది. వీడియోని కుదించే పద్ధతిలో హెచ్.264 వదిలి హెచ్.265కి మారి, ఫ్రేములు సెకనుకి 15కి తగ్గిస్తే 2 మెగాబిట్లలో సర్దుకుంది. రోజుకి 108 జీబీ, 37 రోజులు. స్టాకు లెక్క నెలకోసారి కాబట్టి నెల దాటితే చాలు. పోయినసారి పన్నెండో రోజున మేలుకున్న అదృష్టాన్ని మళ్ళీ నమ్ముకోదల్చుకోలేదు. డిస్కు మాత్రం రాత్రింబవళ్ళు రాస్తూ ఉండడానికి చేసిన నిఘా రకమే. కంప్యూటర్లోంచి ఊడదీసిన డిస్కు పెడితే కొన్నాళ్ళు నడుస్తుంది, కావలసిన రోజున మాత్రం నడవదు.

యూపీఎస్: కెమెరాలు 30 వాట్లు, పెట్టె 15 నుంచి 20. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీలో ఉన్నది 84 వాట్-అవర్లు, అందులో నష్టాలు పోగా గంట నడిస్తే గొప్ప. మెయిన్ ఆపేసి చూశాం. కెమెరాలు బతికే ఉన్నాయి, రికార్డింగు నడుస్తోంది. ఫోన్‌కి మాత్రం అలర్ట్ రాలేదు. రౌటర్‌ని యూపీఎస్‌కి కలపడం మర్చిపోయాను. అక్కడికక్కడ కలిపి ఇంకోసారి ఆపాం. వచ్చింది.

10వ రోజు: తలుపు వేసి కిటికీ తెరవొద్దు

పాత పెట్టె పాస్‌వర్డు అయిదు అంకెలు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే. రౌటర్లో దానికోసం ఒక పోర్టు లోకానికంతటికీ తెరిచి పెట్టి ఉంది. ఎప్పుడో బిగించినవాడు "ఫోన్లో కనబడాలి" అని చేసిపోయాడు.

2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే ప్రోగ్రాము) ఇలాంటి వాటినే ఏరుకుంది. అందులో ఉన్న తెలివి చాలా చిన్నది: ఫ్యాక్టరీ పాస్‌వర్డుల జతలు 60 పైచిలుకు వెంటబెట్టుకుని, ఇంటర్నెట్లో కనబడిన ప్రతి కెమెరా, డీవీఆర్, రౌటర్ తలుపూ తట్టింది. తెరుచుకున్నవాటినన్నిటినీ మందగా కట్టి, ఆ అక్టోబరు 21న, వెబ్‌సైట్ల పేర్లకి చిరునామాలు చెప్పే డైన్ అనే కంపెనీ సర్వర్ల మీదికి తోలితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి చాలామందికి అందలేదు. ఆ మందలో షాపుల్లో దుమ్ము పట్టిన పెట్టెలు ఎన్నో. మన పెట్టె కూడా ఉండి ఉంటే ఆశ్చర్యపోను.

రౌటర్లో ఆ పోర్టు మూసేశాను, దానంతట అది తలుపులు తెరిచే యూపీఎన్‌పీ ఆపేశాను, ఫర్మ్‌వేర్ (లోపలి సాఫ్ట్‌వేర్) కొత్తది ఎక్కించాను. కెమెరాలు పెట్టె వెనకున్న పోర్టులకే కలిసి ఉన్నాయి, షాపు వైఫైకి వాటితో సంబంధం లేదు. బయటి నుంచి చూడాలంటే వీపీఎన్ అనే తాళం వేసిన సొంత దారి ద్వారానే. పాస్‌వర్డుగా బావ తన ఫోన్ నంబరు పెడదామన్నాడు. ఆ నంబరు షాపు బోర్డు మీద మూరెడు అక్షరాలతో ఉందని గుర్తుచేశాను. గడియారాన్ని ఇంటర్నెట్ టైముకి కట్టాను. 47 నిమిషాల కథ ఇక ఉండదు.

12వ రోజు: పెద్దాయన కోపం

షాపులో ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్న పెద్దాయన రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. ఇవాళ గల్లా కెమెరా సర్దుతుంటే వచ్చి, "ఇన్నాళ్ళకి మా మీద కాపలా పెట్టారన్నమాట బాబూ" అన్నాడు.

కాదండీ అనబోయి తెర చూశాను. కెమెరా కోణంలో సగం ఆయన కూర్చునే స్టూలే ఉంది. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఆయన్నే తెర ముందు కూర్చోబెట్టి, "మీరు చెప్పండి, ఎటు తిప్పమంటారు" అన్నాను. కాసేపు బిగుసుకుని ఉండి, తర్వాత మొదలుపెట్టాడు. "కొంచెం కిందకి... బల్ల మీదకి... నోటు పెట్టేది ఇక్కడ, చిల్లర ఇచ్చేది ఇక్కడ." ఇప్పుడు కెమెరా నిలువుగా బల్లని చూస్తోంది. స్టూలు లేదు, నోట్లు ఉన్నాయి. నేనొక్కణ్ణే పెడితే ఇంత బాగా కుదిరేది కాదు. చిల్లర ఇవ్వలేదని గొడవ వస్తే ముందు కాపాడేది ఆయన్నేనని ఆయనకే తోచింది.

కార్డు మిషన్ మీద పిన్ నొక్కే చోట నల్ల ముసుగు పెట్టాను, ఆ అంకెలు మన డిస్కులో ఉండకూడదు. వెనక సందు కెమెరాలో పక్కింటి కిటికీ పడుతుంటే దాని మీదా ముసుగు. మైకులు అన్నీ ఆఫ్. పనివాళ్ళు బట్టలు మార్చుకునే మూల వైపు ఏ కెమెరా లేదు. గుమ్మంలో "వీడియో రికార్డింగు జరుగుతోంది" అని బోర్డు. రికార్డింగు తెరవగలిగేది ఇద్దరే, తెరిచినప్పుడల్లా పుస్తకంలో ఎందుకో రాయాలి. ఆ పుస్తకం పెద్దాయన దగ్గరే ఉంచాం. ఇది నాకు తట్టిన ఆలోచన కాదు, మా అక్కది.

13వ రోజు

మొన్న ఒక్క రాత్రిలో 143 అలర్టులు. బావ ఫోన్ పొద్దున్నకి చచ్చిపోయింది. చూస్తే అన్నిట్లోనూ ఒకే నేరస్థురాలు: సాలెపురుగు. ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో గూడు వెండిజలతారులా మెరుస్తోంది, గాలికి ఊగినప్పుడల్లా "కదలిక". బ్రష్షుతో దులిపాను. మర్నాటికి మళ్ళీ కట్టేస్తుంది, తెలుసు. కెమెరాలో దీపాలు ఆపేసి, దానికి రెండు మీటర్ల అవతల విడిగా ఒక లైటు పెట్టాను. పురుగులు అక్కడికి పోతాయి, వాటి వెనక సాలెపురుగూ. అలర్టు కూడా "ఏదైనా కదిలితే" నుంచి "మనిషి ఈ గీత దాటితే" కి మార్చాను. నిన్న రాత్రి రెండే వచ్చాయి.

15వ రోజు: అర జరిపాం

"ఇంక దొంగలు రారుగా?" అని బావ. ఇక్కడ అబద్ధం చెప్పలేను. నలభై ఏళ్ళ అధ్యయనాలన్నీ కలిపి 2019లో ఒక సమీక్ష వచ్చింది, పీజా, వెల్ష్, ఫారింగ్టన్, థామస్ చేసినది. కెమెరాలున్న చోట్ల నేరాలు సుమారు 13 శాతం తగ్గాయని తేలింది. బాగా పనిచేసింది కారు పార్కింగుల్లో. కెమెరాతోపాటు ఇంకేదైనా ఏర్పాటు కూడా చేసినచోట ఫలితం ఎక్కువ. అంటే 13 శాతం కోసం ఇంత తీగ లాగామా అని బావ మొహం పెట్టాడు.

అప్పుడు ఆ "ఇంకేదైనా" గురించి ఆలోచించాం. డ్రిల్లింగ్ మిషన్ల అర షాపు చివర, గల్లాకి కనబడని మలుపులో ఉంది. దాన్ని మోసుకొచ్చి గల్లాకి ఎదురుగా పెట్టి, అద్దాల తలుపూ తాళమూ వేశాం. నలుగురు మనుషులు, అరగంట పని. ఈ పదిహేను రోజుల్లో చేసినవాటన్నిట్లో ఇదే ఎక్కువ పనిచేస్తుందేమోనని నా అనుమానం, కానీ డైరీ రాసేవాడు ఇది ఒప్పుకోకూడదు.

19వ రోజు: చివరి దొంగతనం

ఇవాళ్టి పని రికార్డింగు బయటికి తీయడం. కెమెరాలు పెట్టినవాళ్ళలో చాలామంది ఇది ఒక్కసారైనా చేసి చూడరు. నిజంగా కావలసిన రోజున పెన్‌డ్రైవ్ పట్టుకుని మెనూల్లో తిరుగుతారు, లేదా తెరని ఫోన్‌తో వీడియో తీసి ఇస్తారు. మేం ముందే చేసి చూశాం. మొదటి పెన్‌డ్రైవ్‌ని పెట్టె గుర్తించలేదు. ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేస్తే తీసుకుంది. ఫైలు వచ్చింది గానీ మామూలు ప్లేయర్‌లో తెరుచుకోలేదు, దాని సొంత ప్లేయర్‌ని కూడా ఎక్కించుకోవాలి. మార్చకుండా ఉన్న అసలు ఫైలు ఒకటి, చూడటానికి ఎంపీ4 ఒకటి, రెండూ తీసి, అసలుదానికి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె) రాసి పెట్టాలని అటక తలుపుకి చీటీ అంటించాను. ఒక్క బిట్టు మారినా ఆ హ్యాష్ మారిపోతుంది, తర్వాత ఎవరైనా "ఇది దిద్దారు" అంటే జవాబుంటుంది.

సామాన్లు సర్దుకుంటుంటే నా టెస్టర్ కనబడలేదు. సంచంతా దులిపాను. బావని అడిగాను, పెద్దాయన్ని అడిగాను. మేనల్లుడు ఇంటికెళ్ళిపోయాడన్నారు.

ర్యాకుల నడవల్లో రెండు కెమెరాలూ చూశాను, ఏమీ లేదు. గల్లా దగ్గర లేదు. మెట్ల కింద నా సంచి పెట్టిన చోటుని ఏ కెమెరా చూడటం లేదని అప్పుడు తెలిసింది. కాగితం మీద అక్కడ ఏ ప్రశ్నా రాయలేదు మేం, సామానేమీ ఉండదని.

గుమ్మం కెమెరా తెరిచాను. అది లోపలికి వచ్చేవాళ్ళ ముఖాలకి పెట్టింది, వెళ్ళేవాళ్ళ వీపులే పడతాయి. 18:42:10కి వీపు. టోపీ. చేతిలో ఏదో పొట్టిగా. 18:42:13కి తలుపు దాకా వెళ్ళిన టోపీ ఆగింది, వెనక్కి తిరిగింది, స్తంభం వంక చూసింది. మొటిమతో సహా, 80 చుక్కల ముఖం, నోరంతా నవ్వు. టెస్టర్ పైకెత్తి చూపించాడు.

క్లిప్ ఎక్స్‌పోర్ట్ చేసి, హ్యాష్ రాసి, పుస్తకంలో "టెస్టర్ విషయమై" అని రాసి, ఫోన్‌లో వాడికి పంపాను. రేపు మెట్ల కింద చోటు కొలవాలి. ఎన్‌వీఆర్‌లో మూడు పోర్టులు ఖాళీగానే ఉన్నాయి. రాగి కేబుల్ ఎంత మిగిలిందో చూడాలి.